రెండో ఫోటో

గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు నేను శంషాబాద్ బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపులో నిలబడి, నా సర్వీసు కాగితాలకు కాపీలు తీయించుకుంటున్నాను. ఐదో కాగితం అద్దం మీద బోర్లా పెడుతూ షాపాయన పక్క షట్టరు వైపు తల తిప్పి, "ఫోటో అన్న పోయిండు మేడం, నిన్న పొద్దుగాల" అన్నాడు. మిగిలినవి ఎన్నేసి కాపీలు కావాలని అడిగాడు. రెండేసి అన్నాను. వచ్చేటప్పుడు ఆ షట్టరు సగం దించి ఉండడం చూశాను. భోజనానికి వెళ్లాడనుకున్నాను.

ఇంటికి వెళ్లేదాకా నాకు దుఃఖం కలగలేదు. భయం వేసింది. ఆయన దగ్గర మా తమ్ముడి ఫోటో ఒకటి ఉండేది. దాన్ని తీసేయమని నేనే అన్నాను, తీసేశానని ఆయన అన్నాడు. ఆ మాట మీద నాకు పూర్తి నమ్మకం ఎప్పుడూ లేదు. అయినా ఆయన అక్కడ కూర్చుని ఉన్నంతకాలం ఆ సంగతి చూసుకునే మనిషి ఒకడున్నాడులే అనిపించేది.

ఆయన పేరు ఇక్కడ రాయను. షాపు బోర్డు మీద కూడా ఆయన తన పేరు రాయించుకోలేదు. "వీసా ఫోటోలు, పటాలు" అని మాత్రం ఉండేది. తనకన్నా పెద్దవాళ్లు కూడా ఫోటో అన్న అనే పిలిచేవారు. ఎక్కడ చదివాడో, పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నేను అడగలేదు. ఆయన గురించి నాకు తెలిసిందంతా ఆయన కుర్చీ పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని చూసిందే.

మొదటిసారి ఆ షాపులోకి వెళ్లింది నాన్న పోయిన నాలుగో రోజున. నా చేతిలో ఎవరి పెళ్లిలోనో తీసిన గుంపు ఫోటో ఉంది. మూడో వరుసలో నాన్న తెల్ల తలరుమాలు చుట్టుకుని, ఎండకు కళ్లు చిట్లించి నిలబడి ఉన్నాడు. ఫోటో అన్న దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, మొహం పెద్దది చేసి, చాలాసేపు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తర్వాత అడిగిన మొదటి మాట, "మీ నాయిన మీసం దువ్వేటోడా, గట్లనే వదిలేసేటోడా?"

అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆ సంగతి గమనించలేదు. అమ్మకు ఫోన్ చేశాను. పొద్దున దువ్వుతాడు, పొలం నుంచి వచ్చేసరికి చెదిరిపోతుంది అంది అమ్మ.

"అయితే మధ్యాహ్నం మీసం" అని ఆయన పనికి దిగాడు.

పటం చేయించుకోవడానికి వచ్చేవాళ్లు మా వైపు అడిగేది ఒకటే. కొట్టొచ్చినట్టు కనపడాలి, నలుపు నల్లగా, తెలుపు తెల్లగా ఉండాలి. గోడ మీద దూరం నుంచి చూసినా మనిషి తెలియాలి. ఇది చాలా చోట్ల ఒక్క గీటుతో చేసేస్తారు. వెలుగుకూ నీడకూ ఉన్న తేడాను కంప్యూటర్లో చివరిదాకా లాగేస్తారు. మనిషి కొట్టొచ్చినట్టే కనిపిస్తాడు గాని నుదురు, ముక్కు, చెంప ఎముక, తెల్ల చొక్కా ఉన్న చోట ఏమీ ఉండదు. ఉత్త కాగితం ఉంటుంది. ఫోటో అన్న తిరగేసి చేసేవాడు. ముందు తెలుపును కిందికి దించేవాడు, ఫోటో చప్పగా, బూడిద పూసినట్టు అయ్యేదాకా. చూస్తున్నవాళ్లకు అప్పుడు అనుమానం వచ్చేది. ఆ తర్వాత నలుపుకూ తెలుపుకూ మధ్య ఉన్న రంగుల్లో మాత్రమే కొద్దికొద్దిగా బలం పెంచేవాడు. నలుపును చివర లాగేవాడు. "నలుపును ఎంతన్న గుంజు, మనిషికేం కాదు. తెలుపు ఒక్కసారి పోయిందంటే ఇగ అండ్ల ఏం లేనట్టే" అనేవాడు.

ఆయన కంప్యూటర్లో ఒక మీట నొక్కితే, తెలుపు హద్దు దాటిన చోటల్లా తెర మీద ఎర్రగా చూపించేది. దాన్ని ఆయన జ్వరం అనేవాడు. పని మధ్యలో పదేపదే ఆ మీట నొక్కి చూసుకునేవాడు. మొహమంతా ఎర్ర మచ్చలతో వచ్చిన ఫోటోలను చూస్తే నిజంగానే ఎవరికో ఒళ్లు కాలుతున్నట్టు పెదవులు బిగించేవాడు. ఒక్కో మచ్చనూ దించేవాడు. నాన్న మీసంలో వెంట్రుకలు విడివిడిగా కనిపించేసరికి ఆ రోజు సాయంత్రం ఐదయింది. తలరుమాలు మడతలు కూడా వచ్చాయి. నేను బడిలో టీచర్ని, పటం కింద ఆయన కొట్టిన అక్షరాల్లో రెండు తప్పులు చూపించాను. ఆయన వాటిని దిద్ది, "రేపటి నుంచి గిట్ల వచ్చిపోతుండు టీచరమ్మా. సచ్చినోళ్ల పేర్లు తప్పు రాయొద్దు" అన్నాడు.

అలా బడి అయిపోయాక, మా ఊరి ఆటో నిండేదాకా ఆ స్టూలు మీద కూర్చోవడం అలవాటయింది.

ఫోటో దిగడానికి వచ్చినవాళ్ల నుదురు ఆయన స్వయంగా తుడిచేవాడు. మెత్తటి పాత దస్తీ ఒకటి ఉండేది. దాంతో రుద్దేవాడు కాదు, అద్దేవాడు. నుదురు, ముక్కు, రెండు చెంపలు. చెమట మీద లైటు పడితే తోలు కనపడదు, లైటే కనపడతది అనేవాడు. ఎంత పెద్ద మగవాళ్లయినా ఆ దస్తీ తగలగానే కళ్లు మూసుకునేవాళ్లు. తెల్లగా చేయమని అడిగే కుర్రాళ్లు రోజూ ఉండేవారు. ఒకడు మరీ పట్టుబడితే, "ఇంకింత తెల్లగ చేస్తే పాస్‌పోర్టు ఆఫీసోళ్లు ట్యూబ్‌లైట్ అనుకుంటర్రా" అన్నాడు. వాడి స్నేహితులు బయట రోడ్డు మీదకు వెళ్లేదాకా ఆ మాట అనుకుంటూ నవ్వారు.

పోయినవాళ్ల ఫోటో మీద పని చేసేటప్పుడు దాన్ని తెర మీద తలకిందులుగా పెట్టుకునేవాడు. నిలువుగా పెడితే మనిషి కనపడతాడు, తలకిందులు పెడితే వెలుగు ఒక్కటే కనపడుతుంది అని దానికి ఆయన చెప్పిన కారణం. అది నిజమే కావచ్చు. ఆ కళ్లు తనను చూడకుండా ఉండడానికి కూడా అనుకుంటాను. ఇంకొకటి, షాపు మీదుగా విమానం దిగేటప్పుడు మౌస్ మీద నుంచి చేయి తీసి ఒళ్లో పెట్టుకునేవాడు. చప్పుడు పూర్తిగా పోయాకే మళ్లీ ముట్టేవాడు. బల్ల అదురుతుందని చెప్పేవాడు. నేను బల్ల మీద చేయి పెట్టి చూశాను. అదరలేదు.

ఆరాంఘర్ మీదుగా వచ్చే తూఫాన్ జీపులు ఆ షాపు ముందు ఆగేవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లు. సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వచ్చేవాళ్లు. అక్కడ దిగాక గుర్తింపు కార్డుకు కావాలని, ఎందుకైనా మంచిదని, చిన్న సైజు ఫోటోలు తీయించుకునేవారు. వాళ్లకు ఆయన ఒక ఫోటో తీశాక, లేవబోతుంటే ఆపేవాడు. పక్క లైటు ఆర్పేవాడు. కెమెరాలో ఏదో తిప్పి, కొంచెం దగ్గరకు జరిగి ఇంకొకటి తీసేవాడు. ఇంకోటి ఎందుకని ఎవరైనా అడిగితే, "ఉండనీ" అనేవాడు. వాళ్లు తీసుకెళ్లే కవరులో ఆ రెండోది ఉండేది కాదు.

ఒక వానాకాలం సాయంత్రం, షాపులో ఎవరూ లేనప్పుడు, ఆ రెండోది ఏమవుతుందని అడిగాను. ఆయన లేచి వాకిలిదాకా వెళ్లి బయటకు చూసి వచ్చాడు. వచ్చి చెప్పాడు.

కొన్నేళ్ల కింద ఒక అబ్బాయి వెళ్లే రోజున ఫోటో దిగాడు. తెల్లగా రావాలన్నాడు. అప్పట్లో ఆయన కూడా అందరిలాగే చేసేవాడు. లైట్లు దగ్గరకు పెట్టి తీశాడు, కంప్యూటర్లో ఇంకొంచెం తెలుపు ఎక్కించాడు. అబ్బాయి సంతోషంగా వెళ్లాడు. ఏడాది తిరిగాక ఆ అబ్బాయి తండ్రి వచ్చాడు. విమానాశ్రయంలో సరుకులు దిగే వైపున కొడుకు శవం వచ్చే పెట్టె కోసం వేచి ఉన్నారు. కాగితాలు ఆలస్యమవుతున్నాయి. ఊరికి పోయేలోపు పటం చేయించుకుందామని, జేబులో ఉన్న కవరు తీసి ఇచ్చాడు. ఈ షాపు కవరే. అందులో ఈయన తీసిన ఫోటోనే. పటం అంత పెద్దది చేసేసరికి కుడి కనుబొమ మీద అంతా తెల్లగా, సున్నం కొట్టిన గోడలా వచ్చింది. మా వానికి ఇక్కడ గాటు ఉండె, కొడవలి తగిలింది చిన్నప్పుడు, అన్నాడు తండ్రి. ఆ గాటు కోసం ఈయన రెండు గంటలు వెతికాడు. అక్కడ ఏమీ లేదు. తెలుపును ఎంత దించినా బూడిద రంగు వచ్చింది గాని గాటు రాలేదు. చేత్తో గీయవచ్చు. ఎట్లా ఉండేదో ఆయనకు తెలియదు.

"ఆయన నన్ను ఏమనలే. పటం సంకల పెట్టుకొని పోయిండు. ఒక మాటన్నా అనుంటే బాగుండు" అన్నాడు ఫోటో అన్న.

ఆ తర్వాత నుంచి గల్ఫ్‌కు పోయే ప్రతి మనిషికీ రెండో ఫోటో తీస్తున్నాడు. వెలుగు తగ్గించి, కొంచెం చీకటిగా. చీకట్లో ఉన్నదాన్ని తర్వాత పైకి తేవచ్చు. తెలుపులో కాలిపోయినదాన్ని తేలేము. ఆ ఫోటోలు అడిగి వచ్చినవాళ్లు ఉన్నారా అని నేను అడిగాను. ఆయన తల ఊపాడు. ఎంతమంది అని అడగలేదు.

ఆ రోజు నుంచి నాకు ఆ స్టూలు మీద కూర్చోవడం కష్టమైంది. అయినా కూర్చున్నాను. ఎవరో కొత్త చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, మొదటి ఫోటోకు నవ్వేవాడు. పక్క లైటు ఆరిపోయేది. వాడి తల్లి వాకిట్లో నిలబడి చూస్తూ ఉండేది. ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆమె నా వైపు చూస్తే నేనూ నవ్వేదాన్ని.

మా తమ్ముడు లిఫ్టులు బిగించే పని నేర్చుకున్నాడు. గల్ఫ్‌లో ఒక కంపెనీకి రమ్మన్నారు. వీసా ఫోటోకు నేనే తీసుకెళ్లాను. వేరే షాపుకు తీసుకెళ్లవచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. పదేళ్లుగా తెలిసిన మనిషిని దాటి పోవడం ఏం బాగుంటుందని, వాడికి తీయడులే అని అనుకున్నాను. నాకు తెలుసని ఆయనకు తెలుసు కదా.

ఆయన వాడి నుదురు అద్దాడు. మొదటిది తీశాడు. తమ్ముడు లేవబోతే, "జర ఆగు" అన్నాడు. పక్క లైటు ఆరిపోయింది.

"ఇంకోటెందుకన్నా, పిల్లనిచ్చేటోళ్లకు పంపుతవా?" అన్నాడు తమ్ముడు.

"ఉండనీ."

తమ్ముడు ఫోన్ మాట్లాడుకుంటూ బయటకు వెళ్లాక, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అన్నా, అది తీసెయ్."

"ఏది?"

"నీకెరుకే."

ఆయన కుర్చీ తిప్పి కూర్చున్నాడు. "నేను సావు కోసం తీయలే టీచరమ్మా."

"మరి దేనికోసం తీసినవ్?"

విమానం ఒకటి దిగుతోంది. ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. చప్పుడు పోయాక నెమ్మదిగా అన్నాడు. "వీడు పోతడు, రెండేండ్లకు వస్తడు, లగ్గం చేసుకుంటడు. ఇది ఇండ్ల ఒక మూలకు పడి ఉంటది. ఎవ్వరు చూడరు. నీకేం నష్టం?"

"అది ఉన్నదని నాకెరుకైతది గదన్నా. వాడు ఫోన్ ఎత్తనప్పుడల్లా అదే యాదికొస్తది."

ఆయన వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు. తెరను నా వైపు తిప్పి, ఆ ఫోటోను చూపించి, తీసేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, "చూసుకో" అన్నాడు. తీసేసే ముందు ఒక్క క్షణం దాన్ని చూశాను. చీకటి నీళ్లలో ఉన్నట్టు ఉంది మా తమ్ముడి మొహం.

వాడు వెళ్లాడు. వారానికి నాలుగుసార్లు మాట్లాడేవాడు. అక్కడి క్యాంపులో గదికి ఎనిమిది మంది అని, వంట వంతుల వారీగా చేసుకుంటారని చెప్పేవాడు. ఫోటోలు పంపేవాడు. ఆ ఫోటోల్లో వాడు ప్రతిసారీ ఇంకొంచెం తెల్లగా, నున్నగా ఉండేవాడు. చిన్నప్పుడు వాడికి అమ్మవారు పోసి, ఎడమ కణత మీద మూడు గుంటలు మిగిలాయి. వాడి ఫోన్ వాటిని దానంతట అదే పూడ్చేసేది. అమ్మ ఆ ఫోటోలను దగ్గరకూ దూరానికీ పెట్టి చూసి, అక్కడి నీళ్లు మంచివేమో అనేది.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక ఉదయం, వాడితో పనిచేసే అబ్బాయి ఒకడు గొంతు రికార్డు చేసి పంపాడు. క్యాంపులో మంటలు లేచాయని, కొందరిని దవాఖానకు తీసుకపోయిండ్రని, ఎవరెవరినో ఇంకా తెలుస్తలేదని. తమ్ముడి ఫోన్ పలకలేదు. ఆ రోజంతా పలకలేదు. ఆ అబ్బాయి ఫోన్ కూడా మధ్యాహ్నం నుంచి పలకలేదు. అమ్మకు, అక్కడ సిగ్నల్ లేదట అని చెప్పాను. అమ్మ నమ్మలేదు. రెండో రోజు పొద్దున అమ్మ, "వానిది పెద్ద ఫోటో ఒకటి చేయించుకరా, దేవుని దగ్గర పెట్టి మొక్కుకుంట" అంది.

అమ్మ అడిగింది మొక్కుకోవడానికే. నేను విన్నది అది కాదు.

ఫోన్లో ఉన్నవన్నీ తెరిచి చూశాను. నూటికి పైగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఆ మూడు గుంటలు లేవు. కొన్నింట్లో ముక్కు అంచు కూడా లేదు. వీసాకు తీసిన చిన్న ఫోటోలన్నీ వాడి వెంటే పోయాయి, మొదటి ఫోటోలను ఫోటో అన్న కంప్యూటర్లో ఉంచుకోడు. వాడు నిజంగా ఎట్లా ఉంటాడో గుర్తు చేసుకోబోతే ఆ నున్నటి మొహాలే అడ్డం వచ్చాయి. అప్పుడు నాకు పట్టిన భయం ఇంతకుముందు ఎరగనిది. వాడు బతికి లేకపోవచ్చు. వాడి మొహం కూడా ఎక్కడా లేకపోవచ్చు. ఉన్న ఒక్కదాన్నీ నేనే దగ్గరుండి తీసేయించాను.

సాయంత్రం నాలుగింటికి షాపుకు వెళ్లాను. ఆయన తెర మీద ఎవరిదో ముసలామె ఫోటో తలకిందులుగా ఉంది. నేను కూర్చోలేదు. సంగతి చెప్పాను.

"ఫోన్ కలుస్తలేదా?"

"లేదన్నా."

నేను అడగవలసింది అడగలేకపోయాను. అడిగితే వాడు పోయాడని ఒప్పుకున్నట్టే. అడగకపోతే ఇంటికి ఖాళీ చేతులతో పోవాలి. చివరికి, "అన్నా, ఆ ఫోటో..." అన్నాను.

"ఏ ఫోటో? నీ ముంగటనే తీసేసిన గద. లేదు." నా మాట పూర్తి కాకముందే అన్నాడు, గట్టిగా, దాదాపు కోపంగా. "లేనిదానికోసం ఎందుకొచ్చినవ్? ఇంటికి పో. అమ్మ దగ్గర కూసో. ఫోన్ చేతుల పట్టుకొని కూసో."

ఆ మాటకు నాకు ఏడుపు రావాలి. రాలేదు. కాళ్లలోకి బలం వచ్చింది. పటానికి ఫోటో సిద్ధంగా లేదు కాబట్టి వాడు ఇంకా ఉన్నాడన్నట్టు ఉంది నా స్థితి. ఇది తర్కం కాదని నాకు తెలుసు. నేను పుస్తకాలు చదివినదాన్ని. ఆటోలో ఇంటికి వెళ్లేదాకా ఆ 'లేదు'ను పట్టుకునే కూర్చున్నాను. అమ్మకు, షాపు మూసి ఉందని చెప్పాను.

మూడో రోజు ఉదయం తొమ్మిదింటికి తెలియని నంబరు నుంచి తమ్ముడు మాట్లాడాడు. పొగ మింగి దవాఖానలో పడి ఉన్నాడు. ఫోన్ మంటల్లో పోయింది. గొంతు పూర్తిగా రాలేదు. "అమ్మకు చెప్పకక్కా, పరేషాన్ అయితది" అన్నాడు. అమ్మ నా పక్కనే నిలబడి వింటోంది.

ఆ సాయంత్రం షాపుకు వెళ్లి చెప్పాను. ఫోటో అన్న దస్తీ తీసి తన నుదురు అద్దుకున్నాడు. "చెప్పిన గద" అని మాత్రం అని, పటం కింద రాయాల్సిన పేర్ల కాగితం నా ముందుకు జరిపాడు. ఆ సంగతి మళ్లీ మేమిద్దరం ఎత్తలేదు.

ఆయన గుండెపోటుతో పోయాడు, ఇంట్లో, చాయ్ తాగుతూ. పదకొండో రోజున నేను వెళ్లాను. ఆయన పటం ఎక్కడో తొందరలో చేయించారు. నుదురంతా తెల్లగా పోయింది. భోజనాలయ్యాక ఆయన భార్య నన్ను లోపలి గదిలోకి పిలిచింది. నేను ఆమెను వదినా అంటాను. షాపు కంప్యూటరు తెచ్చి అక్కడ పెట్టారు. అల్లుడు దాన్ని ఎవరికో ఇచ్చేస్తాడట. ఇచ్చే ముందు లోపల ఏముందో చూడమంది.

ఒక ఫోల్డరు పేరు "ఉండనీ". తెరిచాను. అన్నీ రెండో ఫోటోలే, చీకటిగా. పేర్లు తెలియనివాళ్లకు ఆయనే గుర్తులు పెట్టుకున్నాడు. కోరుట్ల, నీలం చొక్కా. జగిత్యాల, బాగా నవ్వినోడు. తల్లి వాకిట్ల నిలబడ్డది. అలా కిందికి పోతూనే ఉన్నాయి. వదిన నా భుజం మీదుగా చూస్తూ నిలబడింది.

"వీళ్లంత ఉన్నరా, పోయిండ్రా?" అంది.

"తెల్వదు వదినా."

చివరి దగ్గర "టీచరమ్మ తమ్ముడు" అని ఉంది.

కంప్యూటర్లోంచి తీసేశాడు గాని, కెమెరాలోని కార్డులో ఉంచుకున్నాడు. నాకు ఆ తేడా అప్పుడు తెలియదు. ఆ ఫోల్డరులో మిగిలినవన్నీ తీసినవి తీసినట్టు చీకటిగానే ఉన్నాయి. ఇది ఒక్కటే అట్లా లేదు. పూర్తి చేసి ఉంది. పటం కొలతకు కోసి ఉంది. నలుపు లోతుగా ఉంది, కొట్టొచ్చినట్టు ఉంది. నేను జ్వరం మీట నొక్కాను. ఎక్కడా ఎరుపు రాలేదు. ఎడమ కణత మీద మూడు గుంటలూ ఉన్నాయి, ఒక్కొక్కదాంట్లో కొంచెం నీడతో. తెల్ల చొక్కా కుట్లు కనిపిస్తున్నాయి. కింద అక్షరాలకు వదిలే పట్టీ ఖాళీగా ఉంది.

సేవ్ చేసిన తేదీ చూశాను. మంటల రెండో రోజు, సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలు. నేను షాపులోంచి వెళ్లింది నాలుగున్నరకు.

లేదని నన్ను పంపించేసి, ముసలామె ఫోటో పక్కన పెట్టి, కార్డు తీసి, మా తమ్ముడి మొహాన్ని తలకిందులుగా పెట్టుకుని ఆయన పని చేశాడు. వాడు పోయాడనే అనుకున్నాడు. ఆయన చెప్పిన అబద్ధం మీద నేను ఆ రాత్రి గడిపాను. ఆయన దేని మీద గడిపాడో నాకు తెలియదు.

ఆ ఒక్క ఫోటోను నా పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాను. మిగిలినవి ఎవరికివ్వాలో తెలియలేదు. ఊర్ల పేర్లు ఉన్నాయి, మనుషుల పేర్లు లేవు. అల్లుడు వారం తర్వాత కంప్యూటరు ఇచ్చేశాడు. అవన్నీ కూడా తీసి పెట్టుకోవలసింది. ఆ రోజు ఆ గదిలోంచి బయటపడితే చాలనుకున్నాను.

పెన్‌డ్రైవు నా బీరువాలో ఉంది. అమ్మకు చూపించలేదు. అచ్చు వేయించలేదు. తీసేయనూ లేదు.

తమ్ముడు సెలవు మీద వచ్చి, మళ్లీ వెళ్తున్నాడు. పొగ మింగినప్పటి నుంచి మెట్లెక్కితే దగ్గుతాడు. వెళ్లొద్దని అమ్మా నేనూ చెప్పాము. "ఈడ ఉండి ఏం జేయాలక్కా" అన్నాడు. కొత్త కాగితాలకు ఫోటో కావాలంటే మొన్న ఆరాంఘర్ చౌరస్తా దగ్గర ఒక స్టూడియోకు తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి వాడిని కూర్చోబెట్టి, గడ్డం ఎత్తమని, ఒక ఫోటో తీసింది. వాడి నుదుటి మీద చెమట మెరుస్తూనే ఉంది.

"అయిపోయిందన్నా, లేవండి. సిస్టమే అంత సాఫ్ చేస్తది" అంది.

వాడు లేచాడు. ఇంకొకటి తీయమ్మా, పక్క లైటు ఆర్పి తీయమ్మా అని నేను అనవలసి ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. వాడు నా వైపే చూస్తున్నాడు. ఎందుకక్కా అంటే ఏం చెప్పాలి? అనలేకపోయాను. కవరు తీసుకుని బయటకు వచ్చాము.

గల్ఫ్‌కు పోయేవాళ్లకు ఇప్పుడు ఈ దారిలో ఎవరూ రెండో ఫోటో తీయడం లేదు.